గేటు కాడ్నించి నూరు గజాలు

పుంగనూరు అంచున సీయోను తోట బడి. రిటైరైన నర్సు కృపమ్మ విసురుగా వచ్చి కరస్పాండెంట్ బర్నబాస్ ముందర నిలబడింది. ఆయమ్మ వచ్చిందంటే సూది పొడవకుండా పోదు.

"కొత్త గేటా? పాత గేటుకేం రోగం పుట్టింది?"

"రోగమేం లేదక్కా. ముందు కూసో. కాఫీ సెప్తా."

"కాఫీ వద్దు, ఏమొద్దు. పాత గేటుకు అడ్డంగా ఇటుకలు కడతాండారు. కండ్లారా సూసొస్తాండా."

"రోడ్డు మీద లారీలక్కా, పిల్లోళ్లకు డేంజరు. వెనక సందులో కొత్త గేటు పెడతాండాము. పైన గ్రానైట్ ఆర్చి. మన చర్చి కంటే బాగుంటాది!"

"వెనక సందులో ఉండేది సమాధుల తోట గదప్పా. పిల్లోళ్లు సమాధులు సుట్టుకోని బడికి రావల్లా?"

"నెమ్మదిగా ఉంటాదని..."

"ఎవురిస్తాండారు ఆర్చి?"

"చిన్న అంగళ్ల సంక్షేమ సంఘమోళ్లు. మదనపల్లె నుంచి వస్తాడే యశ్వంత్, ఆ అబ్బాయి. బంగారట్లాంటోడు. ప్రార్థన అయ్యేదాకా తల దించుకోనే నిలబడినాడు."

"ఆ సంఘానికి డబ్బెవురిస్తారు?"

"ఎవురో ఇస్తారు..."

"ఎవురప్పా?"

"సిగరెట్ కంపెనీ. అయితే వాళ్ల పేరు యాడా ఉండకూడదన్నారు. అంత వినయం!"

"వినయమా! బర్నబాసూ, రేపు మునిసిపల్ కౌన్సిల్లో పెట్టే రూలేంది?"

"బడికి నూరు గజాల్లోపల బీడీ, సిగరెట్, గుట్కా అమ్మకూడదని. రాసింది మన కమిటీనే గదా, దానికి పెద్ద నువ్వే గదా."

"బడికి గాదు. సరిగ్గా సెప్పు."

"ఆ... బడి గేటుకి."

"ముందు బడి గోడకి అని రాసింటిమి. గోడ వంకరటింకర, కొలిచేది కష్టం, గేటయితే సులువు అన్నదెవురు?"

"యశ్వంత్. మన మీటింగుకి ఊరికే వచ్చి కూసున్నాడు పాపం. సమోసాలు తెచ్చింది కూడా ఆ అబ్బాయే..."

"నేనూ తింటిని. తినేసి సరే అంటిని. నన్ను సెప్పుతో కొట్టల్ల. పాత గేటు ఎదురుగా ఏముండాయి?"

"బీడీ, సిగరెట్లమ్మే బంకులు."

"గేటు వెనక్కి పోతే?"

"బంకులు... ఆడనే ఉంటాయి."

"మరి రూలు?"

"రూలు... సమాధుల తోటకి పోతాది."

"ఆడ పండుకోనుండోళ్లు ఇంక తాగరులే. భలే రూలు!"

"అయ్యో! నాకు తట్టనే లేదక్కా. పిల్లోళ్లకు మంచిదనుకుంటి."

"దొంగ చేతికి తాళాలిచ్చి, పైన ఆర్చి గూడా కట్టిస్తాండావు. రేపు కౌన్సిల్లో నేను లేచి, రూల్లో గేటు అనే మాట కొట్టేయండి, గోడ అని రాయండి అంటా. నువ్వు ఈ పొద్దే ఆర్చి వద్దని సెప్పు."

"సెప్పలేనక్కా."

"యాల?"

"పేరు సెక్కేసినారు."

"కంపెనీ పేరా?"

"గాదు గాదు."

"మరెవురిది? నీళ్లు నమలాకు."

"ప్రభువునందు నిద్రించిన... జోనాథన్ మాస్టరు జ్ఞాపకార్థం అని."

"మా ఆయన పేరా?"

"నువ్వు సంతోషపడతావని దాసిపెట్టినాము. రేపు నీ చేత రిబ్బను కత్తిరించి, ఆన్నుంచి నేరుగా కౌన్సిల్‌కి..."

"ఓరి దేవుడా! ఆయన సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినాడని వాళ్లకెవురూ సెప్పలేదా?"

"సెప్పినానక్కా. సెప్పినాకనే ఆ పేరు కావల్లన్నారు."