అమ్మ ఉత్తరంలో చుక్క

పరాగ్వేలోని పిలార్ ఊళ్లో సాయంత్రం బడి వదిలారు. రెండో తరగతి టీచరమ్మ ఒక పిల్లను మాత్రం ఆపి, ఆ పిల్ల వాళ్లమ్మకు రాసిన ఉత్తరం దిద్దుతోంది.

“ముచ్చటగా రాశావే! ఈ ఒక్క వాక్యమే తప్పు. ‘అమ్మా, నువ్వు సాన్ హువాన్ పండక్కి వస్తావు.’ అడుగుతున్నావు కదా? ముందు తలకిందుల ప్రశ్న గుర్తు, చివర మామూలుది పెట్టాలి. పొద్దున్నేగా నేర్పాను?”

“తెలుసు టీచర్.”

“మరి చుక్క పెట్టావేం? మన స్పానిష్‌లో అడిగినా చెప్పినా మాటలు మారవు తల్లీ. గుర్తులుంటేనే అడిగినట్టు. లేకపోతే చెప్పినట్టు.”

“అందుకే పెట్టలేదు.”

“అదేంటే?”

“అడిగితే అమ్మ ‘చూద్దాంలే’ అంటుంది. పోయినేడు పండక్కి అడిగితే అదే అంది. క్రిస్మస్‌కి అడిగితే, బువెనోస్ ఐరెస్‌లో తను పనికి కుదిరి చూసుకునే ముసలావిడ సెలవివ్వలేదని ఫోన్లో ఏడ్చింది. ఇంక అడగను. వస్తావని చెప్పేస్తున్నా.”

“అమ్మ వెళ్లి ఎన్నాళ్లయింది?”

“అప్పుడు తమ్ముడికి ఒక్క పన్ను కూడా లేదు టీచర్. ఇప్పుడు చిపా రొట్టె కొరుక్కు తింటున్నాడు. అమ్మమ్మనే ‘అమ్మా’ అని పిలుస్తున్నాడు. కాదురా అని చెప్తే నవ్వుతాడు.”

టీచరమ్మకు ఆ వాక్యం దిద్దడానికి చెయ్యి రాలేదు. ఎర్ర కలానికి మూత పెట్టేసింది.

“మార్కు తగ్గిస్తారా టీచర్?”

“తగ్గించనులే. పెన్సిల్ తియ్యి. ఆ చుక్క మరీ లేతగా ఉంది. ఇంకాస్త గట్టిగా దిద్దు, మీ అమ్మకు బాగా కనబడాలి.”