చెయ్యెత్తమన్న క్రిస్టినా సిస్టరు

ఎవరూ, క్రిస్టినా సిస్టరా? ఆవిడ పేరు నీకెవరు చెప్పారే నవ్యశ్రీ? నర్సింగులో చేరావుగా, నువ్వు తెలుసుకోవాల్సిన మనిషే. పోయి పాతికేళ్లవుతోంది. మనిషి ఇంతే ఉండేది, నోరు మాత్రం హార్బరు దాకా వినపడేది. మన వీధి చివరే ఇల్లు. ఆదివారం చర్చి, మిగతా ఆర్రోజులూ ఆస్పత్రిలో నర్సు డ్యూటీ. ఆఁ, ఏం చెప్తున్నానూ... అప్పటికి నాకు పెళ్లై మూడు నెలలు. గిలకలదిండి రేవులో బోటుకి ఐసెక్కిస్తుంటే దిమ్మ జారొచ్చి ఇదిగో, ఇక్కడ, ఎడం డొక్కలో గుద్దింది. కూలబడ్డాను, లేచాను. చర్మం గీరుకోలేదు, చుక్క నెత్తురు లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తీరా ఇంటికొచ్చేసరికి పొట్ట కాదే, ఎడం భుజం లాగేస్తోంది! మనవాళ్ల సంగతి తెలుసుగా, భుజం నొప్పంటే వల లాగినందుకే అనుకుంటాం. మా బావ సోమేశ్వరరావు ఆముదం కాచి తెచ్చి, "బోర్లా పడుకోరా చిన్నారావూ, గట్టిగా రుద్దితే రేపు వేటకెళ్లిపోవచ్చు" అని కూర్చున్నాడు. నాకు పట్టిన చెమట్లు చూసి మీ నానమ్మ పరుగెత్తి, దిమ్మ తగిలిన సంగతి చెప్పి సిస్టర్ని పిలుచుకొచ్చింది.

నాడి చూసింది, మొహం మారిపోయింది. "చెయ్యెత్తు" అంది. ఎత్తాను. "గుండ్రంగా తిప్పు." హాయిగా తిరిగింది. "భుజం పట్టేసినోడి చెయ్యి ఇలా తిరుగుద్దా అండీ?" అని బావని నిలేసింది. ఆయన ఆముదం గిన్నె కింద పెట్టేశాడు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లెత్తించింది. బాబోయ్, భుజంలో కత్తి దించినట్టైంది! "దెబ్బ పొట్టలో ఉందండీ. లోపల నెత్తురు కారుతోంది, అది పైకెక్కి గుండె కింది పొరకి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. రుద్దారంటే మనిషి దక్కడు." అంతే, రిక్షా, ఆస్పత్రి. డాక్టరుగారేమో, "పైన గాయమే లేదు కదమ్మా, రేపు చూద్దాం" అన్నారు. ఊరుకుంటుందా? "పొట్టలో సూది పెట్టి లాగండి సార్, నెత్తురు రాకపోతే నా ఉద్యోగం తీసెయ్యండి!" లాగారు. సిరంజి నిండా ఎర్రగా వచ్చింది. తిన్నగా ఆపరేషనుకే తీసుకెళ్లారు. ఎడం డొక్కలో ప్లీహమని ఉంటుందటగా, అది చిట్లిపోయింది, తీసేశారు.

పన్నెండో రోజు రిక్షా దిగానా, వీధి వీధంతా బయటే ఉంది. బావ ఆవిడ ముందు చేతులు కట్టుకుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "నాకెందుకండీ దణ్ణాలు? పొట్టకి దెబ్బ తగిలితే రుద్దకండి, నా దగ్గరికి తీసుకురండి, చాలు" అంది. గెలిచింది కదే మరి, చావు మీద! నాకెంత గర్వమో, నేనేదో గెలిచినట్టు తిరిగాను ఊరంతా. మీ నాన్న పుట్టింది ఆ మరుసటేడు. ఏంటే, వేళ్ల మీద లెక్కేస్తున్నావ్? లే, లే, అన్నం పెట్టమను మీ నానమ్మని.