సుల్తానుకి సెలవు

"మామ్మగారూ, ఈ ఫోటోలో తలపాగా పెట్టుకున్న రాజుగారు ఎవరండీ?"

రాజు కాదమ్మా, సుల్తాను. ఆఫ్రికా సుల్తాను. మా ఆయనే, నీకు తాతగారి వరస! నవ్వకు మరి. ఆ తలపాగా నా పెళ్లి సీర. అప్పట్లో పదారు రూపాయలు. పదారా, పద్దెనిమిదా... పోనీలే.

ఈ బెంగాలు రైలు ఊళ్లోనే, ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్ల ఎనకాల, దసరా పూజా రోజుల్లో మనోళ్లు తెలుగు నాటకం ఏసీవోరు. ఆ ఏడు ఇస్కూలు మేష్టారొకాయన ఈ సుల్తాను కథ రాసినాడు. ఏటంటే, సముద్రంలో ఓ దీవి, దాన్నిండా లవంగం తోటలు. తెల్లోడు ఓడేసుకొనొచ్చి, "గొడుగు నువ్వే ఉంచుకో, సింహాసనం నువ్వే ఉంచుకో, రేవులో సుంకం మటుకు నేను సూసుకుంటాను" అన్నాడట. కొన్నాళ్లకి సుల్తాను తుమ్మాలన్నా తెల్లోడిని అడగాలి. ఓరోజు ఎదురు తిరిగినాడు. అంతే, ఓడెక్కించి ఇంకో దీవిలో పడేసినారు. అక్కడ్నించి ఊరెళ్తాను బాబూ అని పాపం సుల్తాను అడగడం, "సూద్దాం" అని దొర అనడం. మన రైల్వే వర్క్‌షాపులో సెలవడిగినట్టే అనుకో.

మీ తాతగారిది అక్కడ రైలింజన్ల బాయిలర్ షాపు. రోజంతా ఇనుము మీద సుత్తి దెబ్బలే కదా, సెవులు సగం పోయినాయి, గొంతు మటుకు అటు మలంచా పేట దాకా ఇనపడేది. అందుకే సుల్తాను ఏషం ఇచ్చినారు. దొర ఏషం ఆ షాపు చార్జిమేన్ గారికి, అంటే సెలవులిచ్చే పైవాడికి. తెల్ల సూటు ఆయనకే ఉంది మరి.

ఇక్కడే ఉంది తంటా. అప్పుడే పలాసలో మా తమ్ముడి పెళ్లి. వాడి అప్పని, ఇంటి ఆడపడుచుని, నేను లేకపోతే వాడిని పెళ్లికొడుకుని సేసేదెవులు? మీ తాతగారు సెలవడిగితే ఆ చార్జిమేన్ గారు "సూద్దాం" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ "సూద్దాం". ఇంట్లో నేను ఒకటే ఏడుపు. ఆడది ఒక్కత్తీ రైలెక్కే రోజులా అవి?

నాటకంలో ఆఖరి సీను. సుల్తాను మోకాళ్ల మీద కూకొని ఊరెళ్లడానికి సెలవడగాలి, దొర కాదనాలి, సుల్తాను సచ్చిపోవాలి. మీ తాతగారు మాట మర్సిపోయినాడు. తెర ఎనకాల మేష్టారు అందిస్తన్నాడు, అందిస్తన్నాడు... మాకందరికీ ఇనిపిస్తంది, ఆయనకి తప్ప! సూసి సూసి సొంతంగా అందుకున్నాడు.

"దొరగారూ! మా బావమరిది పెళ్లండీ! మా ఇంటిది అన్నం మానేసిందండీ! పలాస దాకా ఎళ్లొస్తానండీ!"

ఆఫ్రికా సుల్తానుకి పలాసలో పెళ్లి! నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జనం గొల్లుమన్నారు. అందరూ ఆ చార్జిమేన్ గారిని సెలవడిగి లేదనిపించుకున్నోళ్లే కదా, "ఇచ్చీ! సెలవిచ్చీ!" అని ఒకటే ఈలలు. నా పక్కనున్న బెంగాలీ దీదీకి తెలుగు ముక్క రాదు, ఆవిడా "ఛుటీ దావ్, ఛుటీ దావ్" అని లేసిపోయింది. చార్జిమేన్ గారికి సెమట్లు. "సరే, ఎళ్లు!" అనేసినాడు. మేష్టారు తెర తోసుకొని వొచ్చి, "వాడు సావాల్రా! సుల్తాను సావాల్రా!" అని తల బాదుకున్నాడు.

తెల్లారి మీ తాతగారు నన్ను మూట కట్టమని, షాపుకెళ్లి నిలబడితే ఆ చార్జిమేన్ గారు ఏటన్నాడో తెలుసా? "సెలవు సుల్తానుకిచ్చినాను గాని, నీకు కాదు."

మూట ఇప్పినాను, మళ్లీ ఏడుపు.

సాయంత్రం అదే చార్జిమేన్ గారు మా గుమ్మంలోకి వొచ్చినాడమ్మా! ఎనకాల వాళ్లమ్మ. నాటకం సూసింది ఆవిడ. "అందరి ముందూ ఎళ్లమని, పొద్దున్న మాట తప్పుతావా? దొర ఏషం ఇంకా దిగలేదేటిరా నీకు?" అని కొడుక్కి అన్నం పెట్టలేదట. ఆయన నేల సూపులు సూస్తా "ఎళ్లిరండి" అన్నాడు. ఎళ్లినాం. మా తమ్ముడిని పెళ్లికొడుకుని సేసినాను.

అరవై దాటినాక మా మనవరాలి దగ్గిర అచ్చరాలు నేర్సుకున్నాను కదా, అప్పుడో పుస్తకంలో సదివినాను. అలాంటి సుల్తాన్లు నిజంగానే ఉండీవోరట. కొందరు సచ్చేదాకా ఆ పరాయి దీవుల్లోనే. పుస్తకం పక్కనెట్టి శానాసేపు ఆలోసించినాను. ఆ నిజం దొరకి అమ్మ ఉండదా తల్లీ? ఆవిడకీ సంగతి ఎవులూ సెప్పలేదో ఏటో. సెప్పుంటే ఆ కొడుక్కి ఒక్కపూట అన్నం మానిపించదా...

ఇంత దూరం సదువుకొచ్చినావు, నీ పరీక్షలెప్పటికవుతాయన్నావు? అవ్వగానే బండెక్కు, మీ అమ్మ కాసుకొని ఉంటాది. ఎవుల్నీ బతిమాలకుండా, ఎళ్లాలనిపించినప్పుడు ఇల్లు సేరే బతుకు నీకుండాలమ్మా.