కాలువలు కట్టేసిన వేసవి

రెండు వేల నాలుగు, వేసవి. దిండిలో తాపీ మేస్త్రి సత్యం ఇంటి అరుగు మీద రత్నం కూర్చుని ఉంది. పదకొండేళ్ళుగా ఆ గడప తొక్కడానికి మొహం చెల్లని మనిషి, ఎలాగో ధైర్యం చేసి వచ్చింది గానీ, అడగాల్సింది మనసులో పెట్టుకుని ఇంకేదో అడుగుతోంది.

"అదే మేస్త్రిగారూ, ఇటికకీ ఇటికకీ మధ్య పెట్టిన సిమెంటు మాలు ఎన్నాళ్ళుంటుందండీ, మామూలుగా?"

"మామూలుగా అంటే... సరిగ్గా కలిస్తే అరవై ఏళ్ళుంటుందమ్మా. మీ మనవలు కూడా గీకలేరు."

"మరి మా ఇంటికి పదకొండేళ్ళే కదండీ."

"ఆయ్."

"వేలు పెడితే రాలిపోతోందండి. పూత పుయ్యని పడమటి గోడ మరీనూ. రాత్రి తుడిచి ఎత్తితే పొద్దుటికి మళ్ళీ చేటెడు ఇసక."

"రోజూ తుడుస్తున్నారా?"

"తుడవకపోతే ఆయన చూస్తారు కదండీ."

"చూస్తే?"

"తుపాను వల్లేనేమోనండీ. తొంభయ్యారులో గోడలు మూడు రోజులు నానేయి కదా."

"తుపానుకి మా ఇల్లూ నానిందమ్మా. ఇదిగో, ఈ గోడే. గీకి చూడండి."

"ఎందుకులెండి."

"గీకండి, పరవాలేదు."

"...రావట్లేదండి."

"రాదమ్మా. ఇదీ ఈ చేత్తో కట్టిందే."

"మీ చేతిని ఎవరేమన్నారండీ?"

"మీ ఆయన అన్నారు కదమ్మా. సెలవుకొచ్చినప్పుడు, పూత కాస్త ఊడిందని, టీ కొట్టు దగ్గర, పదిమందిలో. నా ఇంటి సిమెంటు సత్యం తినేసేడన్నారు. ఆ తర్వాత ఈ ఊళ్ళో నన్ను పశువుల శాల కట్టడానికి కూడా పిలవలేదెవరూ. రాజోలు పోయి, మలికిపురం పోయి బతికేను."

"పాత మాటలు ఎందుకులెండి ఇప్పుడు."

"పాత గోడ సంగతెత్తింది మీరే కదమ్మా."

"అది... ఆయన మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసేరు కదండీ. మేడ వేస్తానంటున్నారు. వచ్చే బుధవారమే ముహూర్తం. ఇటికలు దిగేయి, ఇసక దిగింది. పైన గది మా అమ్మాయి శిరీషకీ, దాని పిల్లకీ అంటున్నారు."

"చూసేను, ఇటికలు."

"ఆ గోడలు మేడ మొయ్యవు కదండీ?"

"మొయ్యవమ్మా."

"ఆ మాట మీరొచ్చి ఆయనతో చెప్పాలండి."

"మీరే చెప్పొచ్చు కదా. రోజూ తుడిచేది మీరేనాయె."

"నేను చెబితే ఎందుకు మొయ్యవని అడుగుతారండి."

"ఎందుకు మొయ్యవు?"

"మేస్త్రి మీరు. మీకు తెలీదా?"

"సిమెంటు పాళ్ళు తగ్గలేదు. ఇసక గోదారి ఇసకే. ఇటిక మంచిది. ఇంక మిగిలింది నీళ్ళేనమ్మా."

"నీళ్ళూ కాఫీ ఏమీ వద్దండి, మీ ఆవిడ సత్యనారాయణమ్మగారిని లేవొద్దనండి."

"ఆవిడ ఇంట్లో లేదు. అప్పనపల్లి వెళ్ళింది. నీళ్ళు తెప్పించింది మీరమ్మా."

"కాలువలకి నీళ్ళు కట్టేసేరు కదండీ, ఇల్లు కట్టిన ఆ వేసవిలో. మంచినీళ్ళ చెరువు నుంచి, డ్రమ్ముల్తో, నరసింహమూర్తి బండి మీద..."

"తెప్పించేరు. మొదట్లో."

"మొదట్లో ఏమిటండి..."

"బండి ఎద్దుకి కాలు వాచింది కదా. ఆ తర్వాత?"

"అంత గుర్తులేదండి."

"నాకు గుర్తుందమ్మా. ఏ నీళ్ళైనా మాలులో పోసేముందు ఒక చుక్క నాలిక మీద వేసుకోవడం నాకలవాటు. ఉప్పు నేల కదా మనది, మా నాన్న నేర్పేడు. ఆ రోజు మీ ఇంట్లో కూడా డ్రమ్ములో చెయ్యి ముంచేను. మీరు ఎదురుగా నించుని, చెరువు నీళ్ళేనండి మేస్త్రిగారూ, అన్నారు. ఇంటావిడ తానై చెప్పేక ఇంకా నాలిక మీద వేసుకుంటే ఏం బావుంటుందని, చెయ్యి తుడిచేసుకున్నాను. నా తప్పు అదీ."

"మీ తప్పు కాదండి."

"మరి?"

"రొయ్యల చెరువు గట్టు మీది బోరు నీళ్ళండి అవి."

"అలాగా."

"ఆయన పదిహేను రోజుల సెలవు మీద వస్తున్నారు, గృహప్రవేశానికి రోజు పెట్టేసేరు. బండా లేదు, నేనొక్కత్తిని. గొట్టం వేస్తే నీళ్ళు గుమ్మంలోకొచ్చేస్తున్నాయి. గోడకి ఉప్పేమిటిలే అనుకున్నానండి, ఆ సంగతి నాకు తెలీదు..."

"తెలీకపోతే చెరువు నీళ్ళని ఎందుకు చెప్పేరమ్మా?"

"...తెలుసండి. కొంచెం తెలుసు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. ఆ నాలుగు రోజుల్లోనే గోడలన్నీ లేచిపోయేయి. తర్వాత టీ కొట్టు దగ్గర ఆయన మిమ్మల్ని అంత మాటన్నప్పుడు నేను పక్కనే ఉన్నానండి, కూరలు తీసుకుంటూ. నోరు విప్పలేదు. వంకాయలు ఏరుకుంటూ నించున్నాను. ఆ రోజు నుంచి మీరు ఎదురొస్తే వేరే సందులోకి తిరిగిపోతున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానండి."

"ఈ మాట మీ ఆయనతో అనండమ్మా."

"అమ్మో, ఆ ఒక్కటీ చెప్పకండి. మస్కట్ ఎండలో ఏళ్ళ తరబడి పడ్డ కష్టమండి ఆ ఇల్లు. నేనే ఉప్పు నీళ్ళు పోసేనంటే ఆయన మొహం ఎలా చూడను? అందుకే... మిమ్మల్ని ఒకటి అడుగుదామని వచ్చేను."

"అడగండి."

"సిమెంటు తగ్గించేనని మీరొచ్చి చెప్పండి మేస్త్రిగారూ. ఎలాగూ ఊరంతా అదే అనుకుంటోంది. మేడ ఆగిపోతుంది, మా శిరీషా పిల్లా గోడ కింద పడకుండా ఉంటారు. మీకు కొత్తగా పోయేదేముందండీ?"

"ఆ మాట నా నోటితోనే అనమంటారా అమ్మా?"

"తప్పేనండి. అనకూడని మాట అనేసేను."

"పోనీండి. నేనూ మీకొకటి చెప్పాలి. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు, అయినా చెబుతాను."

"ఎవరండీ?"

"దుర్గారావుగారు. ఉగాది వెళ్ళేక వచ్చేరు. మీరు కూర్చున్న చోటే కూర్చున్నారు."

"మా ఆయనా? మీ ఇంటికా? ఎందుకు?"

"మేడ కోసమని పాలకొల్లు మేస్త్రినెవరినో తెచ్చి చూపించేరట. అతను గోడ గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకుని, ఇది ఉప్పు నీళ్ళ పనన్నాడట. నా చెయ్యి పట్టుకుని క్షమించమన్నారమ్మా. నీళ్ళు తెప్పించింది ఎవరని మాత్రం అడగలేదు. ఆ వేసవిలో ఇంట్లో ఉన్నది మీరొక్కరే కదా."

"తెలుసా ఆయనకి? మరి మేడంటున్నారు, బుధవారం ముహూర్తమంటున్నారు..."

"మేడ లేదమ్మా. ఆ ఇటికలు ఇల్లు విప్పి మళ్ళీ కట్టడానికి. కట్టేది నేనే."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదే. ఇన్నాళ్ళూ..."

"రత్నం తన నోటితో చెప్పేదాకా గోడ మీద పలుగు వెయ్యొద్దు సత్యం, అన్నారు. నలభై రోజులైంది. రోజూ పొద్దున్నే, ఇవాళ చెబుతుందిలే అని నాకు కబురు పెడుతున్నారమ్మా."