భయం ఎముక గురించి కాదు

ట్యునీషియాలోని కైరవాన్ ఊళ్ళో, ఆస్పత్రిలో ఎముకల వార్డు. గది బయట హెదీ, అతని చెల్లెలు సలూవా. లోపల మంచం మీద తల్లి జొహ్రా. ఆమె విరిగిన తొడ ఎముకకు మొన్ననే ఆపరేషన్ అయింది.

“నోరు మూసుకుని లోపలికి రా. నవ్వుతూ రా.”

“నవ్వుతాను అన్నయ్యా. నవ్వుతూనే చెబుతాను.”

“చెప్పవు.”

“నిన్న డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వూ విన్నావుగా! భయం ఎముక గురించి కాదంది. ఆపరేషన్‌లో అమ్మ గుండె లయ తప్పిందట. ఈ వయసులో రక్తం గడ్డకట్టి గుండెకైనా పోవచ్చు, మెదడుకైనా...”

“గట్టిగా అనకు!”

“గుండె బరువెక్కినా, మూతి పక్కకి లాగినా, చెయ్యి పట్టు తప్పినా ఆ క్షణమే పిలవమని ఆవిడకే చెప్పండి, అంది. ఆలస్యమైతే మందు పనిచెయ్యదంది. రాత్రంతా కడుపులో దాచుకున్నా. ఇంక నా వల్ల కాదు.”

“డాక్టర్లు అలాగే అంటారు. మనింట్లో జబ్బు మనిషికి ఎప్పుడైనా అలా చెప్పామా? నాన్నకి చెప్పామా?”

“చెప్పలేదు. క్యాన్సర్‌ని అల్సర్ అన్నాం. పోయే రోజు కూడా పాలు తాగితే తగ్గుతుందన్నాం.”

“ప్రశాంతంగా పోయాడు.”

“ప్రశాంతంగానా? ఆఖర్న నన్నేమడిగాడో తెలుసా నీకు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు? కళ్ళు తుడుచుకో. పద.”

“నాన్నకి చెప్పినా చెప్పకపోయినా ఒకటే అన్నయ్యా. అమ్మకి అలా కాదు. తెలిస్తేనే కదా పిలుస్తుంది!”

“తెలిస్తే భయంతోనే పోతుంది! పెద్దకొడుకుని, చెబుతున్నా. విను.”

గదిలోపల.

“రండి, రండి. ఏంటి, గోడవతల గుసగుసలు?”

“ఏం లేదమ్మా. డాక్టరమ్మ నిన్ను తెగ మెచ్చుకుంది. గుర్రంలా ఉందంది.”

“కాలిరిగిన గుర్రాన్ని కాల్చేస్తార్రా, హెదీ.”

“నీ నోటికి మాత్రం ఏ జబ్బూ రాదమ్మా!”

“ఉన్ని ఉతికారా? బక్రీదు పండక్కి కోసిన పొట్టేలు తోలు, మిద్దె మీద అలాగే పడుందా? కంపు కొడుతుంది.”

“అది ఉతకబోయే కదా జారిపడ్డావు! దాని ఊసెత్తకు.”

“మీ ఆవిడకి చెప్పు, సబ్బు తక్కువ వెయ్యమని.”

“అమ్మా, ఒక్క మాట. డాక్టరమ్మ ఏమందంటే, నీకెప్పుడైనా...”

“ఆకలేస్తే చెప్పమంది! అంతే. అంతేగా, సలూవా?”

“... అంతే.”

“ఆకలి లేదు. హెదీ, మీ పిన్ని వచ్చే వేళైంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు. వెళ్ళి తీసుకురా, నాయనా.”

“వెళ్తా. సలూవా, నువ్వు కబుర్లు చెబుతుండు. మంచి కబుర్లు.”

“సరే అన్నయ్యా.”

“పోయాడా?”

“పోయాడు. అమ్మా, ఇలా చూడు. అన్నయ్య తిడితే తిట్టాడు, నీకొకటి చెప్పాలి.”

“ముందు నేను చెబుతా. తలుపు వెయ్యి. మీ పిన్ని ఇవాళ రాదు. వాణ్ణి ఊరికే పంపాను.”

“ఎందుకూ?”

“నా ఎడం చెయ్యి దుప్పట్లోంచి బయటికి తియ్యి. నువ్వే తియ్యాలి. నాకు రావట్లేదు.”

“అమ్మా!”

“తెల్లారి నమాజుకి చేతులెత్తబోతే ఇది లేవలేదు.”

“తెల్లారినప్పట్నించా? నేనిక్కడే, నీ పక్కనే పడుకున్నాగా! లేపొద్దూ?”

“అప్పుడే కన్నంటుకుంది నీకు. నిద్దట్లో ఒత్తుకుందేమో, సర్దుకుంటుందిలే అనుకున్నా. ఏం, అంత పెద్ద విషయమా?”

“రాత్రే నేను...”

“రాత్రే నువ్వు?”

“ఏం లేదమ్మా. డాక్టరమ్మని పిలుస్తున్నా. కదలకు.”

“పిలు. మీ అన్నకి మాత్రం చెప్పకు. వాడు తట్టుకోలేడు.”