తీగెతోని కొలిచిన యూరప్

"బాపమ్మా, ఎనిమిది దినాలల్ల ఏడు ఊర్లు తిరగాలని కాయిదం రాసిన, జర సూడు. మన ఇంట్ల ఇదే మొదటిసారి అనుకున్న. నువ్వు చిన్నప్పుడే యూరప్ పోయినవట గదా?"

పోయిన బిడ్డా, పోకేమి. నీ లెక్కనే గంటగంటకు రాసుకొని మరీ పోయినం. గా అద్దాలు ఇటియ్యి... అబ్బో, మస్తు రాసినవ్. కూసో, చెప్త. నాకప్పుడు పదకొండేండ్లు, కాదు కాదు, పన్నెండు పడ్డయి. గా ఏడే మా చిన్నత్త లగ్గమైంది చొప్పదండిల. గా లగ్గంల పప్పు మాడింది, గది ఇంకో కథ, ఇడ్సిపెట్టు.

మాది కరీంనగర్ల వెండి తీగె పని, ఎర్కనే గదా నీకు. మా బాపు వెండిని ఎంటికంత సన్నగ గుంజుతుండె. మా అవ్వ గా తీగెలు రెండు రెండు కలిపి పెనేస్తుండె. మా అన్న పువ్వులు, నెమళ్ళు గీస్తుండె, నేను ముక్కలు ఏరి అందిస్తుంటి. అప్పుడు వెండి తులం రెండు మూడు రూపాయలే, ఇప్పుడు ముట్టుకుంటే కాలుతది. ఓ దినం మా సరుకు కొనే హైదరాబాద్ సేటు ఓ జాబు పట్టుకొని ఇంటికొచ్చిండు. ప్యారిస్ల ఓ దొరకు దుకాణమున్నదట, మేం చేసిన అత్తర్‌దాన్, గదే అత్తరు పోసే వెండి బుడ్డి, సూసి ఖుషీ అయిండట. గీ ఇంటోళ్ళు నలుగురికి నలుగురు రావాలె, నా దుకాణంల కూసోని అందరికి చేసి సూపెట్టాలె అని రాసిండు. ఖర్చంత ఆయనదే. ఏడు దినాలు పని, మూడు దినాలు మా ఇష్టం.

ఇగ మా ఇంట్ల సంబురం సూడాలె. గా మూడు దినాల మీదనే ముచ్చట. బాపుకు లండన్ పోయి రాణి కిరీటం సూడాలని, దాని పనితనం ఏందో కండ్లార సూస్తనని. అన్నకు స్విట్జర్లాండ్ల గడియారాలు చేసేది సూడాలె. నాకు మంచు. మంచును గిన్నెల పట్టుకొని తినాలని నా పానం కొట్టుకుంటుండె.

అన్న బడి నుంచి మన జిల్లా పటమొకటి, దునియా పటాల బుక్కొకటి తెచ్చిండు. కొల్వనీకి మా ఇంట్ల ఏముంటది, వెండి తీగె. జిల్లా పటం మీద కరీంనగర్ నుంచి జిల్లా కొసకున్న ఊరు జానెడు వచ్చింది. బస్సుల ఓ పూట ప్రయాణం. బుక్కుల యూరప్ తీసి ప్యారిస్ నుంచి లండన్‌కు పెడితే గోరంత. "జానెడుకు పూటైతే గోరంతకెంత బాపూ? చాయ తాగేలోపట పోతం" అన్నడు అన్న. బాపు తొడ సరిసిండు. పొద్దుగాల లండన్, పగటికి స్విట్జర్లాండ్, మాపటికి మంచు, తెల్లారి ఇంకో దేశం. నీ కాయిదమంతయింది మాది గూడ.

అవ్వ పెనేసుకుంటనే ఉన్నది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంక పాస్‌పోర్టులే రాలే" అన్నది. జరసేపైనంక చేతులు కడుక్కొని వచ్చి, "గీ బుక్కుల మనమేడున్నంరా?" అని అన్ననడిగింది. అన్న హిందుస్తాన్ పటం తీసిండు. ఆమెకు సదువు రాదు గని కొలత వస్తది. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు తీగె పెట్టి గోరుతోని నొక్కింది. వడ్లగింజంత. "గా జిల్లా పటం కొలత వేరు, గీ బుక్కు కొలత వేరు. గింజంత దూరం పోనీకి మనకు పొద్దంత పడుతది. మరి గోరంతకు రెండు దినాలు పట్టదా?" అన్నది.

అందరి మొఖాలు ఏలాడపడ్డయి. ఇగ ఒక్కటే జాగ సూడొస్తదని సమజైంది. గక్కడ మొదలైంది లొల్లి. ఇంటికి పెద్దను, లండనే అన్నడు బాపు. అన్న అలిగి బువ్వ తినలే. నేనైతే రెండు దినాలు ఏడుస్తనే ఉన్న. ఆఖరికి బాపు పరేషానై, "నువ్వే చెప్పవే, యాడికి పోదాం?" అని అవ్వను అడిగిండు. గప్పటిదాక మాలోపల ఎవ్వరం ఆమెను అడగలే బిడ్డా. ఇప్పటికీ నాకు సిగ్గయితది.

"యాడికొద్దు" అన్నది అవ్వ. "లగ్గమైన కాన్నుంచి నేను చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్న దినం లేదు. పండుగనాడు గూడ పొయ్యి కాడనే. ఆడ పొయ్యుండదు, ఏడు దినాలైనంక తీగె గూడ ఉండదు. గా మూడు దినాలు ఊకె కూసుంట. మీరు యాడికన్న పోండ్రి."

పోయినం ప్యారిస్. కాజీపేటల రైలు, బొంబాయిల ఇమానం, గా ఇమానంల నేను కక్కుకున్నది... అది మీ అమ్మకు చెప్పకు. ఏడు దినాల పనైంది. ఎనిమిదో దినం పొద్దుగాల బాపు కోటేసుకొని లండన్‌కు తయారైండు. తలుపు దాక పోయిండు, ఎన్కకు సూసిండు, కోటిప్పిండు. గంతే. మూడు దినాలు నది ఒడ్డు మీద బల్లమీద ఇద్దరు పక్కపక్కన కూసున్నరు. నేను, అన్న సుట్టూ ఉరికినం. మంచు పడలే, గా నెలల పడదట.

మూడో దినం అవ్వ నా తల దువ్వుతుంటే సూసిన. చేతి ఏళ్ళ మీద వెండి నలుపు పోయింది. మా అవ్వ చేతులు గంత తెల్లగుంటయని నాకు గప్పుడే తెలిసింది.

అడగందే అమ్మైనా పెట్టదంటరు. మరి అమ్మను ఎవరడుగుతరు బిడ్డా? నీ కాయిదమంత సూసిన, మీ బాపుకున్నది, తమ్మునికున్నది, నీకున్నది. మీ అమ్మకు కావాల్సింది ఇందుల ఏదో నాకు కానరాలే. సల్లగుండు, దునియా మొత్తం తిరుగు, మంచి జరగాలె నీకు. గని ముందుగాల లేవు. మీ అమ్మ వంటింట్లనే ఉన్నది, పోయి అడుగు.