పదహారు అడుగుల తలుపు, ముగ్గురు మనుషులు

అధ్యక్షత వహించిన మా యజమాని పట్టాభిరామయ్యగారికి, ఇంత ఎండలో నాకు ఉన్ని శాలువా కప్పిన డాక్టరు విశ్వేశ్వరరావుగారికి, కాలనీ నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకు, పన్నెండేళ్లుగా నన్ను 'లెక్కల సారు' అని పిలిచి అసలు పేరు మరిచిపోయిన కార్ఖానా మిత్రులకు, ఈ యజ్ఞనారాయణ నమస్కారాలు.

కూర్చుని మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నాకు ఇవాళ రిటైర్మెంటు గానీ, నా మోకాళ్లు రెండేళ్ల కిందటే రిటైరయ్యాయి. (నవ్వులు)

పంతొమ్మిది వందల అరవై ఆరులో బాపట్ల నుంచి ఈ చందానగర్ వచ్చి దిగినప్పుడు బొంబాయి రోడ్డు మీద మన షట్టర్ల కార్ఖానా ఒక రేకుల పందిరి. అప్పట్నుంచీ నేను చేసింది ఒకటే పని. టేపు పట్టుకుని వెళ్లడం, కార్ల షెడ్డు ద్వారం కొలవడం, వచ్చి ఖర్చు అంచనా రాయడం. పన్నెండేళ్లు ద్వారాలు కొలిచినవాడికి ఏదైనా గొప్ప సంగతి తెలిసి ఉంటుందని మీరు ఎదురుచూస్తున్నట్టున్నారు. నాకు తెలిసిందల్లా గ్యారేజీ తలుపు ఖర్చు, అంతే.

వచ్చిన ప్రతివాడూ బట్టల కొట్లో అడిగినట్టు 'చదరపు అడుగు ఎంతండీ?' అనే అడుగుతాడు. రేకుకైతే ఆ లెక్క సరిపోతుంది. బిగింపుకి సరిపోదు. ఆరడుగుల వెడల్పు షట్టరును ఇద్దరు పొద్దున మొదలెట్టి మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తారు. ఎనిమిదైతే ముగ్గురు, సాయంత్రం దాకా. పది దాటిందా, షట్టరు చుట్టుకునే పైపు మధ్యలో వంగకుండా లావుది వెయ్యాలి. పైపు లావైతే స్ప్రింగులు పెరగాలి, వాటిని మోసే బ్రాకెట్లకు గోడలో కాంక్రీటు దిమ్మ పొయ్యాలి. పన్నెండు దాటితే చేత్తో లేవదు, గొలుసు పెట్టాలి. వెడల్పు ఒక అడుగు పెరిగితే ఖర్చూ ఒక అడుగే పెరుగుతుందని చెప్పినవాడు షట్టరు ఎప్పుడూ ఎత్తి ఉండడు.

అలాగని చిన్నది పెట్టుకుంటే లాభమా అంటే, డాక్టరుగారు ఎదురుగానే ఉన్నారు. అంబాసిడరు కారుకి ఎనిమిదడుగుల తలుపు పెట్టించుకోండి మహాప్రభో అంటే, ఖర్చు తగ్గించమని ఆరు దగ్గర పట్టుబట్టారు. కారుకి ఇటు మూడంగుళాలు, అటు మూడంగుళాలు మిగిలాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం వాళ్లావిడ సుబ్బలక్ష్మిగారు షెడ్డులో నిలబడి 'కొంచెం ఎడమకండీ, అయ్యయ్యో, కుడికండీ' అంటే తప్ప కారు లోపలికి పోదు. తలుపు మీద మిగిలిన డబ్బు కారు మీద గీతలకు రంగు వేయించడానికే సరిపోయిందని ఆయనే చెప్పారు. (నవ్వులు)

నవ్వండి. ఇకమీద చెప్పేదానికి నవ్వు రాదు.

ఇందాక మాట్లాడిన నలుగురూ నన్ను ఒక విషయానికి మెచ్చుకున్నారు. మన అంచనా కాగితంలో కొలతల పక్కన 'బరువు ఎంత, మోయడానికి మనుషులెందరు' అని ఒక గడి ఉంది. అది నేనే పెట్టానని, అప్పట్నుంచీ మన దగ్గర ఒక్కడికీ దెబ్బ తగల్లేదని, అది నా ముందుచూపని అన్నారు. వింటుంటే నాకు ఎక్కడైనా దాక్కుందామనిపించింది. ముందుచూపు కాదండీ. అది ఎందుకు వచ్చిందో చెప్పకుండా ఈ శాలువా ఇంటికి తీసుకుపోలేను.

డెబ్భై రెండులో నార్సింగి వైపు ఒక లారీల షెడ్డు పని వచ్చింది. మొదట ఎనిమిదడుగుల తలుపులు రెండు, మధ్యలో ఒక స్తంభం అనుకున్నారు. తరవాత లారీ తిప్పడానికి స్తంభం అడ్డమని, పదహారడుగులది ఒక్కటే పెట్టమన్నారు. ఎత్తు పదే. రెండు ఎనిమిదులైనా, ఒక పదహారైనా నూట అరవై చదరపు అడుగులే కదా. పట్టాభిరామయ్యగారు కాగితం చూసి, 'చదరపు అడుగులు మారనప్పుడు బిగింపు కూలి ఎందుకు పెరుగుతుందయ్యా? పక్క షాపువాడు తక్కువకి సిద్ధంగా ఉన్నాడు' అన్నారు. అయ్యా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబు నా దగ్గర ఉంది. ముందురోజే ఆ పైపును స్ప్రింగులతో సహా కాంటా మీద పెట్టించి చూసుకున్నాను. కానీ ఆ నెలలో అలాంటి వాదనలు మీతో పది చేసి ఉన్నాను, విసిగిపోయి ఉన్నాను. 'సరేలెండి' అన్నాను. పనిచీటీలో ఎప్పటిలాగే 'ముగ్గురు' అని రాశాను.

ఆ ముగ్గురిలో పెద్ద ఫిట్టరు బాలనర్సయ్య. ఖాజాగూడ మనిషి. అక్కడి రాళ్లగుట్టల మధ్య పుట్టి పెరిగినవాడు, బరువంటే భయం లేనివాడు. పైపును వేలితో తట్టి అది ఏ గేజో, రేకు ఎంత మందమో చెప్పేవాడు. ఆ దసరాకి ఆయన్ని హెడ్ మిస్త్రీని చెయ్యాలని అప్పటికే అనుకున్నారు. పైపు నిచ్చెన మీదికి ఎక్కింది, బ్రాకెట్లో కూర్చోలేదు. జారిన పైపు కింద ఆయన ఎడమ చెయ్యి నలిగి మూడు వేళ్లు పోయాయి.

నేను దవాఖానకు వెళ్లాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. 'ముగ్గురం ఎత్తేదే గద సారూ, చీటీల గట్లనే ఉండె. నా రెక్కలల్ల బలం తగ్గినట్టున్నది. ఆ పైపు ఎంత బరువుండె?' అని అడిగాడు. నేను ఆ మూడంకెల సంఖ్య జేబులో పెట్టుకుని, 'చూసి చెబుతాలే' అన్నాను. తిరిగివచ్చి ప్రమాదం రిపోర్టులో 'కారణం' అన్నచోట 'ఫిట్టరు అజాగ్రత్త' అని రాశాను. నా గుండ్రటి అక్షరాలు అందరూ మెచ్చుకుంటారు కదా, వాటితోనే రాశాను.

మంచినీళ్లు అక్కడే ఉంచండి. ఫరవాలేదు.

ఆ రిపోర్టు చూసి ఆయనకు హెడ్ మిస్త్రీ పని ఇవ్వలేదు, గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు. ఆ వారమే నేను కాగితంలో కొత్త గడి గీశాను. తప్పు ఒప్పుకోవడానికి ధైర్యం లేనివాడు గడులు గీస్తాడు. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆయన నాకు నమస్కారం పెడుతూనే ఉన్నాడు. మీరు నా ముఖంలో చూసిన అలసట ఎండలో కొలతలకు తిరిగినందువల్ల వచ్చింది కాదు, ఆ నమస్కారాల వల్ల వచ్చింది.

పట్టాభిరామయ్యగారూ, గడియారం చూడకండి, ఇక రెండు మాటలే. మీ బల్ల మీద ఆ పాత రిపోర్టు పెట్టాను. 'కారణం' కింది మాట కొట్టేసి 'అంచనా రాసినవాడి తప్పు' అని రాసి, నా సంతకం పెట్టాను. నా తరవాత ఈ కుర్రవాళ్లకి ఏ తలుపుకి ఎందరు కావాలో చెప్పేవాడు ఒకడుండాలి. ఆ పని బాలనర్సయ్యకి ఇవ్వండి. పైపు తట్టి చెప్పడానికి ఉన్న ఏడు వేళ్లూ చాలు. ఇది నేను అడుక్కుంటున్నాను.

ఆయన హాల్లో కూర్చోలేదండీ, డ్యూటీలో ఉన్నాడు. అదుగో, ఆ షట్టరు పక్కన నిలబడ్డాడు. ఏమిటి బాలనర్సయ్యా? కొంచెం గట్టిగా చెప్పు.

(తలుపు దగ్గర నుంచి: 'గిప్పుడన్న చెప్పుండ్రి సారూ. ఎంత బరువుండె?')

నూట నలభై ఆరు కిలోలు. మామూలుగా మీరు ముగ్గురూ ఎత్తేది అరవై. దానికి అయిదుగురు, గొలుసు కప్పీ కావాలి. నాకు ముందే తెలుసు. నీ రెక్కల్లో బలం తగ్గలేదయ్యా.

చప్పట్లు వద్దు. ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పూలదండ ఇక్కడే ఉంచి వెళ్తాను. రేపు పొద్దున గేటు దగ్గరికి ఒకసారి వస్తాను, పనికి కాదు. ఈసారి ముందుగా నేను నమస్కారం పెట్టాలి.

సెలవు.